ఊపిరి తీసుకునే వంతు

భూపాలపల్లి బస్సులో కిటికీ పక్క సీటు దగ్గర ఒక బోల్టు ఉంటుంది. సరిగ్గా తల ఆనే చోట. అది దేన్ని పట్టుకుని ఉందో నాకింతవరకు అర్థం కాలేదు. తీసేస్తే బస్సు రెండు ముక్కలవుతుందేమో తెలియదు. దాన్ని బిగించినవాడు మాత్రం మనిషి కూర్చుంటే కణత ఎంత ఎత్తులో ఉంటుందో కొలిచి మరీ బిగించాడని చెప్పగలను. ప్రతి సోమవారం చీకటితోనే జనగామలో బస్సెక్కుతాను. హన్మకొండ, పరకాల దాటి నేను పనిచేసే ఆఫీసుకు చేరేసరికి నా కుడి కణత మీద గుండ్రటి అచ్చు పడి ఉంటుంది. మొదట్లో ఆఫీసులో "ఏంది, ఇంట్ల కొట్లాటనా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు దాన్ని చూసి సోమవారమని గుర్తుపడుతున్నారు.

నిద్ర విషయంలో నాకు పెద్ద ఆశలేమీ లేవు. దొరికినచోట దొరికినంత. నికరంగా, ఎవరూ తిట్టకుండా, పైగా పొమ్మని ప్రోత్సహించగా నిద్రపోయింది జీవితంలో ఒకేచోట. ఏడో తరగతిలో, పాటల క్లాసులో. నేను ఆ క్లాసులో పాట నేర్చుకోవడానికి చేరానని ఇంట్లో ఇప్పటికీ నమ్ముతున్నారు. వాళ్ల నమ్మకం పూర్తిగా తప్పని కూడా అనలేను. అక్కడే వచ్చింది చిక్కు.

అప్పుడు జనగామ కొత్తగా జిల్లా అయింది. కలెక్టరు వచ్చాడు, ఎస్పీ వచ్చాడు, వాళ్ల వెనక బోర్డులు వచ్చాయి. మా ప్రైవేటు బడికి మాత్రం ఏమీ రాలేదు. దాని యజమానికి, అంటే మేమంతా కరస్పాండెంట్ సార్ అని పిలిచే పెద్దమనిషికి, ఇదొక లోటుగా తోచింది. హన్మకొండలో ఎవరి బడి ఉత్సవానికో వెళ్లి, తెల్ల చొక్కాల పిల్లలు మూడు వరసల్లో నిలబడి ఒకే గొంతుతో పాడటం చూసి వచ్చాడు. వచ్చిన వారంలోనే బడి గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు. 'జిల్లాలో మొట్టమొదటి బిగినర్స్ క్వయర్.' దాని మీది ఫోటోలో ఎర్రటి బుగ్గల విదేశీ పిల్లలు పాదాల దాకా గౌన్లు వేసుకుని నోళ్లు తెరిచి ఉన్నారు. వీళ్లు మన బడిలో ఏ సెక్షనని ఎవరూ అడగలేదు. ఫ్లెక్సీ వెలిసిపోవడం మొదలయ్యాక, పాట నేర్పే మనిషి కోసం వెతుకులాట మొదలైంది.

అలా వచ్చింది మానుకోట మేడమ్. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటారు. ఆమె అక్కడి నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో కాజీపేట మీదుగా జనగామ వచ్చి, సాయంత్రం మళ్లీ ఆ దారినే పోయేది. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడిన మనిషి. అంతకుముందు చాలా బళ్లు తిరిగిందట. అన్నిచోట్లా ఒకటో తరగతికి అక్షరాలు చెప్పమన్నారు, ఖాళీ ఉంటే పాట కూడా చెప్పొచ్చన్నారు. పాట చెప్పడానికే పిలిచిన బడి మాదే. ఆ గౌరవంలో ఒక మెలిక ఉంది. మొదటి రోజే కరస్పాండెంట్ సార్ ఆమెను మా ముందు నిలబెట్టి ఆ మెలిక కూడా చెప్పేశాడు. పిల్లల ముందు మాట్లాడితే ఎవరూ విననట్టే అని ఆయన అభిప్రాయం.

"యాన్యువల్ డే దాక చూద్దాం మేడమ్. తల్లిదండ్రులకు నచ్చిందనుకో, వచ్చే ఏడు టైంటేబుల్ల పెడ్త. నచ్చకపోతే గీ పీరియడు అబాకస్‌కు ఇచ్చేస్త. వాళ్లు ఎప్పటిసంది అడుగుతున్నరు."

మేడమ్ సరే సార్ అంది. రైలు ప్రయాణంలో సగం నలిగిన చీర కొంగును సర్దుకుని, మా వైపు తిరిగి, చాలా అలసిన నవ్వొకటి నవ్వింది. ఆ నవ్వును నేను గుర్తుపట్టాను. అది తెల్లవారకముందే లేచేవాళ్ల నవ్వు.

నా సంగతీ అంతే. మాది కొడకండ్ల అవతల ఒక చిన్న ఊరు. బడి బస్సు పొద్దున మొట్టమొదట ఎక్కించుకునేది నన్ను, సాయంత్రం చిట్టచివర దించేది నన్ను. మధ్యలో అది ప్రతి ఊరికీ, ప్రతి తండాకూ పోయి పలకరించి వచ్చేది. అది బడికి పోయే బస్సులా ఉండేది కాదు, చుట్టరికాలు నిలుపుకునే బస్సులా ఉండేది. నా తర్వాత ఎక్కేది పక్క తండా పిల్ల. నా క్లాసే. ఎక్కగానే నన్ను లేపి కిటికీ పక్కన కూర్చునేది.

"జరుగు నిద్రమొగమోడా. కిటికి నాకు."

"నేను ముందుగాల ఎక్కిన."

"ఎక్కి ఏం జేస్తివి? నిద్రపోతివి. కిటికిలకెళ్లి చూసెటోళ్లకు కదా కిటికి."

నేను జరిగేవాణ్ణి.

ఆఖరి పీరియడులో రెండే దారులు. లెక్కల సారుతో స్టడీ అవర్, లేదా క్వయర్. లెక్కల సార్ నిద్రపోయేవాణ్ణి సుద్దముక్కతో గురిచూసి కొట్టేవాడు. గురి తప్పేవాడు కాదు. క్వయర్లో సుద్దముక్కలు ఉండవని విని పేరిచ్చాను. తండా పిల్ల మాత్రం పాడటానికే చేరింది. లోకంలో అలాంటివాళ్లూ ఉంటారు.

మొదటి రోజు మేడమ్ ఒక్కొక్కరి చేత కాస్త పాడించింది. తండా పిల్ల పాడితే పక్క గదిలో పాఠం ఆగింది. నేను పాడాక మేడమ్ కొంచెంసేపు కిటికీ బయటికి చూసి, "పర్లేదు బిడ్డా. నువ్వు నడుమ వరుసల నిలబడు" అంది. ఈ మాటను నేను చాలాకాలం మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

తర్వాత ఆమె సంచిలోంచి చిన్న శ్రుతిపెట్టె తీసి బల్ల మీద పెట్టి మీట నొక్కింది. తుమ్మెద ఒకటి గదిలోకి వచ్చి, బయటికి పోయే ఆలోచన మానుకున్నట్టు ఒకటే మోత.

"అందరు కండ్లు మూసుకోండ్రి. ఏం పాడొద్దు. ఊకె ఇనుండ్రి. మీ లోపట గూడ గదే మోగేదాక ఇనుండ్రి."

ఆమె చెప్పినదానికంటే నేను ఎక్కువే చేశాను. నన్ను కళ్లు మూసుకొమ్మని అడిగిన మొదటి టీచర్ ఆమె. ఆ మోతలో నా లోపల ఏం మోగిందో తెలియదు. తండా పిల్ల మోచెయ్యి పక్కటెముకలో దిగేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. అప్పటినుంచి అదే పద్ధతి. శ్రుతి, నిద్ర, మోచెయ్యి, పాట.

చలికాలం మొదట్లో ఒకరోజు మేడమ్ రైలు కాజీపేట బయట సిగ్నల్ కోసం ఆగి ఆగి, ఆమె బడికి మధ్యాహ్నానికి చేరింది. కాళ్లు ఈడ్చుకుంటూ క్లాసుకు వచ్చింది. మీట నొక్కింది. కళ్లు మూసుకొమ్మంది. మేం మూసుకున్నాం. ఎంతకీ పాట మొదలుకాలేదు. నాకు మెలకువ వచ్చింది కరస్పాండెంట్ సార్ గొంతుకు. కొత్తగా పిల్లల్ని చేర్చడానికి వచ్చిన ఒక తండ్రికి బడి చూపిస్తూ, ఆయన మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల ముప్పై మంది పిల్లలు గోడలకు ఆనుకుని నిశ్చలంగా ఉన్నారు. బల్ల మీద చేతులు, చేతుల మీద తల పెట్టుకుని మేడమ్ కూడా నిశ్చలంగానే ఉంది. తుమ్మెద ఒక్కటే పనిచేస్తోంది.

"ఏకాగ్రత" అన్నాడు కరస్పాండెంట్ సార్, గొంతు తగ్గించి. "రోజు చేపిస్తం."

"మావోడు ఒక్క నిమిషం కూసోడు సార్" అన్నాడు ఆ తండ్రి, భక్తిగా.

మేడమ్ తల ఎత్తింది. గుమ్మం వైపు చూసింది. ఎక్కడా తొట్రుపడకుండా, "ఇగ మెల్లగ కండ్లు తెరవండ్రి" అంది. ఆమె బుగ్గ మీద గాజుల అచ్చు వరసగా పడి ఉంది. ఆ తండ్రి తన ఇద్దరు పిల్లల్నీ మా బడిలోనే వేశాడు.

సాయంత్రం నేను సంచి సర్దుకుంటుంటే ఆమె దగ్గరికి పిలిచింది.

"ఏరా, నువ్వు రోజు నిద్రపోతవు గదా?"

"లేదు మేడమ్. శ్రుతి ఇంటున్న."

"మంచిగనే ఇంటవు. గురక శ్రుతిలనే ఉంటది."

నేను థాంక్యూ అన్నాను. ఆమె ఈసారి నిజంగా నవ్వింది. ఆ తర్వాత ఆమె నన్ను నిద్రలేపమని ఎవరికీ చెప్పలేదు. నేను ఆమె గాజుల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒప్పందం రాసుకోలేదు కానీ నడిచింది.

యాన్యువల్ డే కోసం మేడమ్ తానే ఒక పాట కట్టింది. ఆలస్యంగా వచ్చిన వాన మీద. ప్రతి చరణం చివర ఒక స్వరం పొడుగ్గా సాగాలి, మబ్బు ఊరంతా కమ్ముకున్నట్టు. మాకు అది సగంలోనే తెగిపోయేది. ఒకేసారి అందరికీ ఊపిరి అయిపోయేది, ఒకేసారి అందరం ఆగిపోయేవాళ్లం. మబ్బు కాస్తా పొగగొట్టం నుంచి తప్పించుకున్న పొగలా చెదిరిపోయేది.

ఒకరోజు ఆమె మమ్మల్ని ఆపి, జంటలు జంటలుగా నిలబెట్టింది.

"అందరు ఒక్కపాలి ఊపిరి తీసుకోవద్దు. వంతులు పెట్టుకోండ్రి. నువ్వు ఆగినప్పుడు నీ పక్కపిల్ల పాడుతది. ఆమె ఆగినప్పుడు నువ్వు పాడు. ఆగుడు తప్పు కాదు బిడ్డా, ఆగాలె. కాని ఎవలు ఆగిండ్రో బయటికి తెలువొద్దు. ఊపిరి తీసుకున్నంక మళ్ల మెల్లగ వచ్చి కలువు. దబ్బున దునుకకు."

నా జంట తండా పిల్ల. పొడుగు స్వరంలో మొదటి వంతు నాది, రెండోది ఆమెది.

"నువ్వు ఆగి అట్లనే నిద్రపోతె సంపుత" అంది ఆమె.

బడిలో నాకు నేర్పినవాటిలో ఒప్పుకోదగ్గ సూత్రం అదొక్కటే. ఎవరో ఒకరు ఎప్పుడూ ఆగే ఉంటారు, పని మాత్రం ఆగదు. మా ఇంట్లో ఇలాంటి ఏర్పాటు ఉంటుందని ఎవరూ వినలేదు. పత్తి ఏరే రోజుల్లో బాపు ఆగితే అమ్మ ఆగేది కాదు, అమ్మ ఆగకపోతే నాయినమ్మకు ఆగడానికి మొహం చెల్లేది కాదు. అందరూ కలిసి మంచం ఎక్కేదాకా ఎవరూ ఆగేవాళ్లు కాదు.

కొన్నాళ్లకు అది కుదిరింది. చరణం చివరికి వచ్చి స్వరం అందుకున్నాం. నా వంతు రాగానే నోరు మూశాను. ఊపిరి తీసుకున్నాను. స్వరం అలాగే ఉంది. నేను లేకపోయినా ఉంది. తిరిగి మెల్లగా వెళ్లి కలిస్తే నా చోటు ఖాళీగానే ఉంది. ఎవరూ ఎక్కడికి పోయావని అడగలేదు. పక్కన తండా పిల్ల ఆగింది. అదీ ఎవరికీ తెలియలేదు. మేడమ్ చెయ్యి గాలిలో తేలుతూ ఉంది, ఆమె కళ్లు మూసుకుని ఉంది, కానీ ఈసారి నిద్ర కాదు.

ఆ రోజు నుంచి నాకు ఆ క్లాసులో నిద్ర పట్టడం మానేసింది. ఉన్న ఒక్క నిద్రా పోయింది. అయినా ఆఖరి పీరియడు కోసం పొద్దుట్నుంచే ఎదురుచూసేవాణ్ణి. అబాకస్ అనే మాట వినబడితే చెవులు మూసుకునేవాణ్ణి. అది పూసలతో లెక్కలు చేసే పలక అని తర్వాత తెలిసింది. అప్పట్లో అదేదో పురుగనుకున్నాను.

యాన్యువల్ డేకు వారం ఉందనగా కరస్పాండెంట్ సార్ మా సాధనను ఫోన్లో తీయించి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆయన ఉద్దేశం మంచిదే. మా బడిలో జరిగిన నష్టాలన్నిటికీ మంచి ఉద్దేశాలే పునాది.

ఆ సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి బాపు ఫోన్ చుట్టూ ముగ్గురూ చేరి ఉన్నారు. పాట వినడం లేదు. నన్ను వెతుకుతున్నారు. దొరికాక రెండు వేళ్లతో పెద్దది చేశారు. తెర నిండా నా మొహం. నోరు మూసి ఉంది.

"గిదేంది?" అంది అమ్మ. "అందరు పాడుతాంటె నువ్వు నోరు మూసుకున్నవేంది?"

"ఊపిరి తీసుకుంటున్ననే. వంతు."

"పక్కపోరి పాడుతాంది గద!"

"ఆమె వంతు నా తర్వాత."

బాపు ఫోన్ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. పొలం నుంచి వచ్చి ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు.

"ఊపిరి తీసుకునుడు గూడ బడిలనే నేర్పుతున్నరారా? గీనికేనా నువ్వు చీకట్ల లేసి గంత దూరం పోవుడు?"

"మర్చిపోయి ఉంటడు పోరడు" అంది నాయినమ్మ, నా తరఫున మాట్లాడుతున్నాననుకుని. "మర్చిపోతె మర్చిపోయినవు. నోరన్న ఆడియ్యి బిడ్డా. ఎవలకు తెలుస్తది?"

"నేను ముంగటి కుర్చీలనే కూసుంట" అంది అమ్మ. "ఫోన్ పట్టుకోని మొత్తం తీస్త. మీ మేనమామకు పంపాలె. ఒక్కకాడ ఆగినవనుకో, ఇంటికొచ్చినంక చెప్త."

నేను వివరించడానికి ప్రయత్నించాను. ఆగడం పాటలో భాగమని చెప్పాను. పని ఎగ్గొట్టి దొరికినవాడు చెప్పే మాట ఎలా ఉంటుందో అది అచ్చం అలాగే వినిపించింది, నాక్కూడా.

తెల్లారి బస్సులో తండా పిల్ల నన్ను లేపలేదు. కిటికీ అడగలేదు. పక్కన కూలబడింది.

"మా అమ్మ తండ అందరికి చూపెట్టింది. నేను నోరు మూసినకాడ ఆపి, పెద్దగ జేసి మరీ చూపెట్టింది. నా బిడ్డ గింత మంచిగ పాడుతది, గీడ్నే ఎందుకు ఆగిందో అని ఏడ్వబట్టింది."

బస్సు నిండేకొద్దీ తెలిసిందేమంటే, ప్రతి ఇంట్లో అదే జరిగింది. ప్రతి ఇంట్లో ఒక నోరు మూసిన మొహం, దాన్ని సాగదీసే రెండు వేళ్లు. మేడమ్‌కు చెప్తే ఆమె తేలిగ్గా తీసుకుంది. తల్లిదండ్రులకు తానే చెప్తానంది. ఆ రాత్రి రైల్లోంచి గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. ఊపిరి గురించి, వంతుల గురించి, అందులో ఆమె చాలా ఓపిగ్గా చెప్పింది. వెనక రైలు చప్పుడు కూడా ఉంది. అది ఎంత పొడుగుందంటే ఎవరూ వినలేదు. కింద అందరూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ బొమ్మలు చూసి ఆమె, అర్థమైంది కాబోలు అనుకుంది.

యాన్యువల్ డే నాడు బడి ఆవరణలో టెంటు వేశారు. డీజే డబ్బాలు తెచ్చారు. మిగతా పిల్లలందరూ రికార్డు పెట్టుకుని డ్యాన్సులు చేశారు. చివర మేం మూడు వరసల్లో నిలబడ్డాం, మైకుల ముందు. కింద తల్లిదండ్రులందరూ ఫోన్లు ఎత్తారు. మమ్మల్ని కాదు, ఎవరి పిల్లల్ని వాళ్లు. మా అమ్మ ముందు వరసలో, కొత్త చీరలో, ఫోన్ను రెండు చేతులతో పట్టుకుని, నా నోటికే గురి పెట్టి ఉంది. లెక్కల సారుకే అంత గురి లేదు.

చరణం బాగానే నడిచింది. తండా పిల్ల గొంతు పైకి లేచి మా అందరినీ వెంట తీసుకుపోయింది. వెనక నిలబడ్డ కరస్పాండెంట్ సార్ తల కూడా ఊపాడు. పొడుగు స్వరం వచ్చింది. మేడమ్ చెయ్యి ఎత్తింది. మొదటి వంతు నాది.

అమ్మ ఫోన్ వైపు చూశాను. ఆగలేదు.

నేను ఆగితే తప్ప తనకు వంతు రాదు కాబట్టి తండా పిల్ల నా వైపు ఓరకంట చూసింది. తర్వాత కింద ఉన్న వాళ్లమ్మను చూసింది. తనూ ఆగలేదు. పై వరసలో ఎవరూ ఆగలేదు. కింది వరసలో ఎవరూ ఆగలేదు. ముప్పై మంది మొహాలు ఎర్రబడ్డాయి, మెడల మీద నరాలు తేలాయి. మా బడి చరిత్రలో అంత కష్టపడి ఎవరూ ఏ పనీ చేయలేదు. ఆ తర్వాత, అందరికీ ఒక్కసారే, ఊపిరి అయిపోయింది.

నిశ్శబ్దం.

ఆ వెంటనే ముప్పై మందీ ఒకేసారి ఊపిరి పీల్చిన చప్పుడు. డీజే డబ్బాల్లోంచి అది టెంటు మీదుగా పోయి జనగామ వీధుల్లోకి వెళ్లింది. చెరువులో తల ముంచిన గేదెల మంద ఒక్కసారిగా తలలెత్తినట్టు. పాట అయిపోయిందనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని మాలో సగం మంది ఆపేశారు, మిగతా సగం తర్వాతి చరణం ఎత్తుకున్నారు. మేడమ్ చెయ్యి ఎత్తిన చోటే ఉండిపోయింది.

అమ్మ మాత్రం సంతోషించింది. "ఒక్కపాలి గూడ నోరు మూయలె నా కొడుకు" అని అక్కడే నిలబడి మేనమామకు పంపింది. తండా పిల్ల వాళ్లమ్మ కూడా సంతోషించింది. ఒక్కొక్క తల్లీ, ఒక్కొక్క తండ్రీ తమ ఫోన్లో చూసుకున్నారు, తమ పిల్ల ఆగలేదని తేల్చుకున్నారు. మరి పాట ఆగిందంటే ఆపింది మిగతా పిల్లలే అయి ఉండాలి. ఆ మాటే అందరూ, ఎవరి మట్టుకు వాళ్లు, కరస్పాండెంట్ సారుకు చెప్పి పోయారు. తల్లిదండ్రులు ఒక విషయంలో అంత ఏకగ్రీవంగా ఉండటం ఆయన మునుపెన్నడూ చూడలేదు.

"పాట ఖరాబు జేసిండ్రని అందరు అంటున్నరు మేడమ్" అన్నాడు తెల్లారి, క్లాసు గుమ్మంలో నిలబడి, మళ్లీ మా ముందే. "నచ్చలే. నేనేం జేత్త? సోమవారంసంది అబాకస్ సార్ వస్తడు."

మేడమ్ సరే సార్ అంది. వచ్చినరోజు అన్నట్టే. ఫ్లెక్సీ మాత్రం ఇంకో రెండేళ్లు ఉంది. ఆ ఎర్రబుగ్గల పిల్లలు వానకూ ఎండకూ నోళ్లు మూయలేదు.

ఆ సాయంత్రం బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. తండా పిల్ల కిటికీ నాకు వదిలేసి, ముందు సీటుకు తల ఆనించి కూర్చుంది. మేడమ్ శ్రుతిపెట్టె సంచిని భుజానికి వేసుకుని స్టేషన్ వైపు నడుస్తూ, నన్ను చూసి కిటికీ దగ్గర ఆగింది. ఆమె మొహం కోపంగా ఏమీ లేదు. రాత్రి సరిగా నిద్రపోని మొహం, అంతే.

"మొదటి వంతు నీదే గదరా?"

తల ఊపాను.

"నువ్వు నిద్రపోనీకె వచ్చినోనివి. నువ్వన్న నోరు మూసుకుంటె అయిపోతుండె గదా."